పగడానికి జలుబు చేసిన ఎండాకాలం

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకున్నవాళ్లు కాస్త ముందుకు రండి, నా గొంతు ఇప్పుడు అంత దూరం రాదు. చేతిలో పని ఉన్నవాళ్లు చేసుకుంటూనే వినండి. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటే కథ ఇంకా బాగా ఎక్కుతుంది. మీలో రేపో మాపో ఉద్యోగాల్లో చేరేవాళ్లు ఉన్నారు. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే మీరు బ్యాంకనో, కంప్యూటరనో చెప్పుకుంటారు. నన్ను అడిగినవాళ్లకు నేను చెప్పుకున్న జవాబు ఇది: "పగడానికి గాలి కొడతాను."

నవ్వండి, ఫరవాలేదు. అప్పుడు మా ఊరు ఊరంతా నవ్వింది.

మాది మార్కాపురానికీ తర్లుపాడుకూ నడుమ ఒక ఊరు. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు ఇప్పటికీ పెళ్లిళ్లలో బంతిలో కూర్చోలేరు. చుట్టూ నల్లరాయి గనులు, పలకలు కోసే షెడ్లు. మా ఇంటాయన ఒక షెడ్డులో పలకలు అరగదీసి నునుపు చేసేవాడు. ఆ పనిలో ఆయనకు మంచి పేరు. ఆయన చేయి పడిన పలక మీద ఈగ కూడా జారుతుందనేవాళ్లు. అయితే ఆ పొడి అంతా ఎక్కడికి పోతుంది? సాయంత్రానికి ఆయన మీసం బూడిదరంగుకు తిరిగేది. కొన్నేళ్లకు దగ్గు పట్టుకుంది. మార్కాపురం డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఆ పొడి మానేస్తావా, ఊపిరి మానేస్తావా?" అని అడిగాడు. ఊపిరి మానడం కుదరదు. పొడి మానాలంటే ఇంట్లో ఇంకొకరికి పని ఉండాలి. అందుకని నేను ఊళ్లోని పెద్ద బడిలో టెంపరరీ ఆయాగా చేరాను. నీళ్లు మోయడం, వసారా ఊడ్వడం. ఆ పని పర్మినెంటు అయితే ఆయన షెడ్డు మానేస్తాడు. కాకపోతే మళ్లీ ఆ పొడిలోకే పోతాడు. మా ఇంటి సంగతి ఇంతే. ఇది గుర్తుపెట్టుకోండి, తక్కినదంతా పిచ్చి వ్యవహారమే.

అప్పుడే మా జిల్లా కొత్తగా పుట్టింది. అప్పటిదాకా మేము కర్నూలు జిల్లా. ఆ జిల్లాలో ఉన్నన్నాళ్లు మాకూ సముద్రానికీ ఏ సంబంధమూ లేదు. తర్వాత మమ్మల్ని కొత్త జిల్లాలో కలిపారు. కొత్త జిల్లాకు సముద్రం ఉంది. అంటే పొద్దున లేచేసరికి మాకూ సముద్రం వచ్చినట్టే లెక్క. ఆ సముద్రం కాగితం మీద ఉంది గానీ, మా బావిలో మాత్రం బిందె మునగడానికి నీళ్లు లేవు.

చదువుల శాఖలో ఒక పెద్ద ఆఫీసరుకు గొప్ప ఆలోచన తట్టింది. పడమటి తాలూకాల పిల్లలు సముద్రం చూసి ఎరగరు, కాబట్టి బడికొక సముద్రపు వస్తువును పంపాలని. ఒక బడికి శంఖాలు వచ్చాయి. ఒక బడికి చిరిగిన వల వచ్చింది. ఇంకో బడికి విరిగిన తెడ్డు వస్తే, అక్కడి అయ్యవారు దానితో పిల్లల్ని కొట్టేవాడని చెప్పుకునేవాళ్లు. మా హెడ్మాస్టరు ఎంత గొప్పగా అడిగాడో ఏమో, మాకు ప్రాణంతో ఉన్న పగడమే వచ్చింది.

అది బస్సులో వచ్చింది. డ్రైవరు పక్కన మూతపెట్టిన డబ్బాలో పగడం, బస్సు పైన డ్రమ్ముల్లో సముద్రపు నీళ్లు. ఊరంతా బస్సుకు ఎదురుపోయింది. డబ్బా మూత తీస్తే లోపల ఏముంది? గోధుమరంగులో, తోలులాగా, తల మీద సన్నటి వేళ్లున్న పెద్ద పుట్టగొడుగు లాంటిది.

బడి కమిటీ పెద్ద ఒక శెట్టిగారు. బజారులో దుకాణం. పగడం కోసం గాజు తొట్టి కొనిచ్చింది ఆయనే. తొట్టి కిందికి నిగనిగలాడే నల్లపలక బండ చేయించి, దాని మీద తన పేరు చెక్కించి మరీ ఇచ్చాడు. ఆయన డబ్బాలోకి తొంగిచూసి మొహం ముడుచుకున్నాడు.

"ఇదేం పగడమయ్యా? ఎర్రగ లేదే! మా ఆడోళ్ల మెళ్లో ఉండేది ఇట్ల లేదే!"

మా సైన్సు అయ్యవారు మెల్లగా, "అది వేరే జాతి శెట్టిగారూ. ఇది మెత్తటి పగడం. ఇది జంతువు. మనలాగ తింటాది, ఊపిరి తీస్తాది," అన్నాడు.

"జంతువా? నోరు యాడుండాది?"

"ఆ వేళ్లన్నిటికీ తలా ఒక నోరు ఉండాది."

"అన్ని నోళ్లా! మా దుకాణం ముందర పెట్టాల్సింది, బాకీలు వసూలు చేసేది," అని వెళ్లిపోయాడు.

సైన్సు అయ్యవారు నా చెవిలో ఇంకో మాట వేశాడు. మన జిల్లా సముద్రంలో అసలు పగడాలే లేవట. ఇది దక్షిణాన అరవదేశం దీవుల దగ్గరి నుంచి, సముద్రం ఒడ్డున ఉన్న ఒక కాలేజీ ద్వారా వచ్చిందట. "ఈ సంగతి హెడ్మాస్టరు సారుకు చెప్పలేదా?" అని అడిగాను. ఆయన మొహం పాలిపోయింది.

అది ఎందుకో మీకు చెప్పాలి. సైన్సు అయ్యవారు ఆ బడిలోనే చదువుకున్నాడు. ఆయనకు అక్షరాలు దిద్దించింది ఆ హెడ్మాస్టరే. పెద్ద చదువు చదివి, మీసాలు పెంచి, అదే బడికి ఉద్యోగానికి వచ్చినా, హెడ్మాస్టరు కనబడగానే ఆయన రెండు చేతులూ వాటంతట అవే కట్టుకునేవి. హెడ్మాస్టరు కూడా "ఒరే అబ్బాయ్" అనే పిలిచేవాడు. అక్షరం చెప్పినవాడికి ఎదురుచెప్పడం మా వైపు ఎవరికీ చేతకాదు. ఆయన సూర్యుడు పడమట పొడుస్తాడంటే, ఈయన "అవును సార్, ఈ మధ్య అట్లనే పొడుస్తున్నాడు" అనే రకం.

నీళ్లలో గాలి ఆడకపోతే పగడం బతకదు. మా బడికి కరెంటు వచ్చిన రోజులకంటే రాని రోజులే ఎక్కువ. సైన్సు అయ్యవారు సైకిలు పంపుకు రబ్బరు గొట్టం తగిలించి, గొట్టం చివర ఒక ఇటుక ముక్క కట్టి తొట్టిలో వేశాడు. పంపు కొడితే ఇటుకలోంచి సన్నటి బుడగలు వస్తాయి. కొట్టేదెవరు? నేనే. హెడ్మాస్టరు నన్ను పిలిచి తేల్చి చెప్పాడు: "ఏమ్మా, ఎండాకాలం సెలవులు అయినాంక ఆఫీసరు వచ్చి చూస్తాడంట. పగడం ప్రాణంతో ఉంటే నీకు పర్మినెంటు రాస్తానన్నాడు. లేకపోతే ఆయా పోస్టే ఎత్తేస్తాడంట."

ఇంటికి వెళ్లి ఆ మాట చెబితే మా ఆయన దగ్గుతూ నవ్వాడు. "అయితే నా ఊపిరి దాని ఊపిరికి కట్టినారన్నమాట. గట్టిగ కొట్టు మే!"

ఇక జనం మొదలయ్యారు. సముద్రం ఉప్పగా ఉంటుందని వినడమే గానీ ఎవరూ నాలుక మీద వేసుకున్నవాళ్లు కాదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, యర్రగొండపాలెం వైపు నుంచి కూడా వచ్చేవాళ్లు. తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకోవడం, "అబ్బ! నిజమే!" అనడం, ఇంకోసారి ముంచడం. పొలంలో పనిచేసిన చేయి, గేదెను కడిగిన చేయి, ముక్కుపొడుం పీల్చిన చేయి. ఆ తొట్టిలో మునగని వేలు మా తాలూకాలో లేదు. కుజదోషం ఉన్నవాళ్లకు పగడం మంచిదని ఎవరో అన్నారు. వాళ్లు వచ్చి తొట్టి చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టారు. ఒకామె పసుపు వేసింది. ఒకాయన ఎర్రబడుతుందేమోనని చిటికెడు కుంకుమ వేశాడు. దోషాలను పగడం పోగొడుతుందో లేదో నాకు తెలియదు గానీ, మా దోషాలన్నీ మాత్రం పగడం మీదికి పోయాయి.

నేను కూడా తక్కువదాన్ని కాదు. ఆదివారం మందిరంలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు లేచి నిలబడి, "పగడం ఆరోగ్యం కోసం" అన్నాను. పక్కనామె నా కొంగు లాగి, "ఎవురు మే పగడం? మీ చిన్నాడబిడ్డా?" అని అడిగింది. అవునన్నాను. మందిరమంతా మా చిన్నాడబిడ్డ కోసం మోకరించింది.

ఎండలు ముదిరాయి. మా వైపు ఎండ ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా? కిటికీ పక్కన శెట్టిగారి నల్లబండ మీద తొట్టి. మధ్యాహ్నానికి బండ రొట్టెలు కాల్చే పెనంలా అయ్యేది. నీళ్లలో చేయి పెడితే స్నానానికి కాచిన నీళ్లలా ఉండేవి. అప్పుడు పగడం వేళ్లన్నీ లోపలికి ముడుచుకుంది. ఒంటి మీద జిగట ఊరడం మొదలైంది. ముందు పలుచగా, తర్వాత చిక్కగా, గంజి మీద కట్టినట్టు.

హెడ్మాస్టరు కళ్లజోడు సవరించుకుని చూసి, "దీనికి జలుబు చేసింది," అన్నాడు.

శెట్టిగారు ఏకీభవించాడు. "ముక్కు ఉంటే ఆవిరి పట్టొచ్చు అయ్యవారూ. ముక్కు యాడుండాదో కనుక్కోండి ముందర."

"మిరియాల కషాయం పోద్దామా?"

"నోళ్లన్నీ మూసుకోనుండాది గదా, యాడ పోస్తారు?"

ఇద్దరూ ఆలోచించి ఆలోచించి చివరికి మా ఊరికి తెలిసిన ఒకే ఒక వైద్యానికి వచ్చారు. మాది పలకల ఊరు. మాకు ఏది మసకబారినా ఒకటే మందు: తడిబట్ట పెట్టి తుడవడం, రాయి పెట్టి రుద్దడం. పలక మసకబారితే తుడుస్తాం, పిల్లవాడి మొహం మసకబారితే తుడుస్తాం. పగడం మసకబారితే ఎందుకు ఊరుకుంటాం? దానికి తగిన పనివాడు కావాలన్నారు. ఆ తాలూకాలో మా ఆయన్ను మించిన పనివాడు ఎవరు? కబురు పోయింది.

ఆయన వచ్చి, చేతులు కడుక్కుని, తొట్టిలో చేయి పెట్టి దాన్ని తాకాడు. తాకి చటుక్కున తీసేశాడు.

"సారూ, ఇది రాయి కాదు. పసిబిడ్డ చెంపలాగ ఉండాది. దీన్ని రుద్దేది నా వల్ల కాదు."

"రుద్దొద్దు, తుడువు," అన్నాడు హెడ్మాస్టరు.

తుడిచాడు. పగడం మెరిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు చూస్తే ముందుకంటే చిక్కగా జిగట. మళ్లీ తుడవడం, మళ్లీ ఊరడం. తుడిచే కొద్దీ పగడం చిక్కిపోయింది. సంక్రాంతి గుమ్మడికాయలా ఉన్నది ఎండిన నిమ్మకాయలా తయారైంది.

ఒకరోజు తుడిచి వసారాలోకి వచ్చిన మా ఆయనకు దగ్గు తెర వచ్చింది. పక్కకు పోయి ఊశాడు. ఆ కఫం నల్లగా ఉంది. సైన్సు అయ్యవారు చూశాడు. నన్ను 'అక్కా' అనేవాడు కాబట్టి ఆయన్ను 'బావా' అనేవాడు.

"బావా, నీ కఫం నల్లగ ఉండాదే."

"పలకపొడి గదా లోపల ఉండేది."

"ఆ కఫం ఊరకపోతే ఆ పొడి బయటికి ఎట్ల వస్తాది? నిన్ను దగ్గనియ్యకుండ నోరు గుడ్డతో నొక్కితే ఏమైతాది?"

"పోతా."

"మరి పగడాన్ని మనం చేస్తాండేది అదే." ఆయన గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి చెప్పాడు. "అది జబ్బు కాదు బావా, జబ్బును తోలేదానికి అది కప్పుకొనే దుప్పటి. కంటికి కనపడని పురుగులు మన వేళ్లతో లోపలికి పోయినాయి. నీళ్లు కాగినాయి. దానికి చేతుల్లేవు, కాళ్లు లేవు, పరిగెత్తేదానికి లేదు. ఉండేది ఆ జిగట ఒకటే. పురుగులన్నీ దాంట్లో అతుక్కుంటాయి. అది బాగా ముదిరి పొర కట్టినాంక, ఆ పొరను పురుగులతో సహా ఊడబెరికి పారేస్తాది. మనం పొర కట్టనియ్యకుండ పొద్దున్నే తుడిచేస్తాన్నాం. అది ఒంట్లో ఉండేదంతా జిగటకే ఖర్చు పెట్టి సన్నబడిపోతాంది."

నేను నడుం మీద చేతులు పెట్టుకున్నాను. "సారూ, ఇంత తెలిసినాయన హెడ్మాస్టరు సారుకు చెప్పకుండా మా ఆయనకు చెప్తాండారు. ఈయన బడికి హెడ్మాస్టరా?"

"నోరు రాదక్కా. ఇప్పుటికీ కలలో ఆయన కనిపిస్తే మంచం మీద లేసి నిలబడతా."

మరుసటి రోజు హెడ్మాస్టరు కొత్త ఆజ్ఞ వేశాడు. ఆఫీసరు వచ్చే వారం వస్తున్నాడట. ఉత్త బట్టకు లొంగడం లేదు కాబట్టి రేపు పొద్దున బట్టల సోడా పెట్టి పగడాన్ని శుభ్రంగా కడగాలట. సైన్సు అయ్యవారు ఆ మాట విని గోడకు ఆనుకున్నాడు. "సోడా పడితే గంట కూడ ఉండదక్కా," అన్నాడు.

నాకు కళ్ల ముందు పగడం కనబడలేదు. షెడ్డు కనబడింది, బూడిదరంగు మీసం కనబడింది. "సారూ, మీరు పెద్ద చదువు చదివినోళ్లు, నేను వేలిముద్ర దాన్ని. చిన్నప్పుడు ఆయన ప్రశ్న అడిగితే మీకు అప్పుడూ నోరు రాలేదా?"

"రాలేదు."

"మరి జవాబు ఎట్ల చెప్పేవాళ్లు?"

"పలక మీద రాసి చూపిచ్చేవాన్ని."

మా ఆయన షెడ్డుకు పోయి, తాను నునుపు చేసిన వాటిలో మంచి పలక ఒకటి తెచ్చాడు. సైన్సు అయ్యవారు బలపంతో రాశాడు. తర్వాత మేము ముగ్గురం వసారాలో పడక్కుర్చీలో ఉన్న హెడ్మాస్టరు దగ్గరికి పోయాం. మీసాలున్న ఆ మనిషి ఒక చేయి ఛాతీకి కట్టుకుని, ఇంకో చేత్తో పలక ముందుకు చాపి, తల వంచుకుని నిలబడ్డాడు. నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది.

హెడ్మాస్టరు కళ్లజోడులోంచి పలక చూశాడు. పెదాలు కదిలిస్తూ చదివాడు. "పగడం జిగట దాని రక్షణ. తుడవరాదు. సోడా వద్దు. నీళ్లలో ఎవరూ వేలు పెట్టరాదు. వేడెక్కే బండ మీది నుంచి తీసి నీడలో తడి ఇసుక మీద పెట్టాలి." చదవడం అయిపోగానే ఆయన కుడిచేయి దానంతట అది ముందుకు వచ్చింది. బలపం అందుకుంది. పలక మూలన ఇంత పొడుగున రైట్ గుర్తు కొట్టింది.

కొట్టిన తర్వాత ఆయన ఆ గుర్తు వంక చూశాడు. జుట్టు నెరిసేదాకా పలకలు దిద్దిన చేయి అది. మనసుకు చెప్పకుండానే పని చేసేసింది.

"ఒరే అబ్బాయ్, నేను రైట్ కొట్టినానా?"

"కొట్టినారు సార్."

"నేనెప్పుడన్నా తప్పు జవాబుకు రైట్ కొట్టినానా?"

"లేదు సార్."

ఆయన లేచి నిలబడ్డాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు. కండువా భుజం మార్చుకున్నాడు. "అయితే ఇది రైటే," అన్నాడు. "ఏమ్మా, సోడా తీసకపోయి మీ ఇంట్లో బట్టలు ఉతుక్కో."

తన బండ తీసేశారని శెట్టిగారు ఆయాసపడుతూ వచ్చాడు. "నా పేరుండే బండను తీసి ఇసక పోస్తారా? ఏందిది అయ్యవారూ, తొట్టి నాది గాదా?" హెడ్మాస్టరు గోడ మీద మేకుకు తగిలించిన పలకను చూపించాడు. "రైట్ కొట్టినాను శెట్టిగారూ." శెట్టిగారు ఆ బడిలోనే, ఆ హెడ్మాస్టరు దగ్గరే చదివాడు. గుర్తు చూశాడు, మింగాడు. "అట్లయితే బండను వాకిట్లో నిలబెట్టండి, నలుగురూ చదువుతారు," అని పోయాడు.

కుండ కింద పోసినట్టు ఇసుక పోసి, తడిపి, దాని మీద తొట్టి పెట్టాం. చుట్టూ తడి గోనెసంచులు కట్టాం. ఎండకు ఇగిరినంత మేర మంచినీళ్లు కలిపాం. హెడ్మాస్టరు స్వయంగా బెత్తం పట్టుకుని తొట్టి పక్కన కుర్చీ వేసుకున్నాడు. రుచి చూడటానికి వచ్చిన వేలు ఏదైనా సరే, బెత్తం రుచి చూసి పోయేది. పగడం మీద జిగట ముదిరి, మైనపు గుడ్డ కప్పినట్టు పొర కట్టింది. లోపల ఉందో పోయిందో దేవుడికే తెలియాలి. నేను గాలి కొడుతూనే ఉన్నాను.

ఆఫీసరు వచ్చిన రోజున ఎండ నిప్పులు కురిపిస్తోంది. జీపు దిగేసరికే ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. శెట్టిగారు పూలదండతో, హెడ్మాస్టరు బెత్తంతో, సైన్సు అయ్యవారు కట్టుకున్న చేతులతో ఎదురయ్యారు. మా ఆయన కిటికీ అవతల నిలబడి కండువాతో నోరు మూసుకుని దగ్గు ఆపుకుంటున్నాడు. ఆఫీసరు తొట్టి దగ్గరికి వచ్చాడు. ఆ పొద్దుటే పొర ఒక పక్క చిట్లింది. చిరిగిన బనీనులా సగం ఊడి వేలాడుతోంది. ఎవరు చూసినా కుళ్లిపోతోందనే అంటారు.

"ఇది చచ్చిపోయిందయ్యా," అన్నాడాయన.

నా చేయి పంపు మీదే ఆగిపోయింది.

"లేదు సార్," అన్నాడు హెడ్మాస్టరు. "పలక చూడండి. రైట్ కొట్టినాను."

"నాకు పలక ఎందుకయ్యా? ప్రాణం కావాలి." ఆయన విసుక్కుని తొట్టి మీదికి వంగాడు. "నీళ్లన్నా సముద్రపువేనా, ఉప్పు కలిపినారా?" అంటూ చూపుడువేలు నీళ్లలో ముంచాడు.

ఫట్‌మని శబ్దం అయింది. హెడ్మాస్టరు బెత్తం ఆఫీసరు వేలి మీద పడింది. "వేలు తియ్!"

శెట్టిగారి చేతిలో దండ కింద పడింది. నాకు పగడం పోయింది, పర్మినెంటు పోయింది, ఇప్పుడు హెడ్మాస్టరు కూడా పోయాడనిపించింది. అప్పుడు ఆఫీసరు ఏం చేశాడో తెలుసా? వేలు చంకలో దాచుకుని, వెనక్కి ఒక అడుగు వేసి, చేతులు కట్టుకుని, "ఇంకెప్పుడూ చెయ్యను సార్," అన్నాడు. ఆయనకు కూడా ఏ ఊళ్లోనో, ఏ బడిలోనో ఇట్లాంటి ఒక హెడ్మాస్టరు ఉండే ఉంటాడు.

హెడ్మాస్టరుకు తాను ఎవరిని కొట్టాడో ఇంకా తట్టలేదు. "చేతులు ఊరికే ఉంటేనే అందులో పడతాయి. పోయి గాలి కొట్టు. ఆయమ్మ చేతులు పడిపోయినాయి."

ఆఫీసరు వచ్చి నా దగ్గర పంపు తీసుకున్నాడు. నేను వద్దు సారూ అన్నా వినలేదు. కొట్టడం మొదలుపెట్టాడు. కొత్త చేయి, పైగా అవమానం, కాబట్టి నాకంటే గట్టిగా కొట్టాడు. బుడగలు బుసబుసమని లేచాయి. నీళ్లు సుడి తిరిగాయి. సైన్సు అయ్యవారు మొదటిసారి హెడ్మాస్టరు ఎదుట నోరు తెరిచి గట్టిగా అరిచాడు. "అట్లనే సార్! ఆపొద్దండి! సముద్రంలో అయితే అల కొట్టి ఊడదీస్తాది, ఈడ మీరే అల!"

ఆఫీసరు చెమటలు కక్కుతూ కొట్టాడు. వేలాడుతున్న పొర ఊగింది, సాగింది. పాల మీది మీగడ గరిటెకు వచ్చినట్టు మొత్తం ఊడి నీళ్లలో తేలింది. నేను దాన్ని చిల్లుల గరిటెతో తీసేశాను. కింద పగడం శుభ్రంగా, లేతగా ఉంది. కాసేపటికి ఒక వేలు బయటికి వచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత పిడికిలి విప్పినట్టు ఒక పక్కంతా విచ్చుకుంది.

మా ఆయన ఇక ఆపుకోలేక కిటికీ అవతల పెద్దగా దగ్గి ఊశాడు. ఎవరూ వద్దనలేదు.

ఆఫీసరు పంపు కింద పెట్టి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఊపిరి అందాక నా వైపు తిరిగాడు. "రోజూ నువ్వే కొడతావామ్మా ఇది?"

"నేనే సారూ."

"ఇంత పని టెంపరరీగా ఎవరు చేస్తారయ్యా!" అన్నాడు హెడ్మాస్టరుతో.

అట్లా నా ఉద్యోగం పర్మినెంటు అయింది. గాలి కొట్టే పోస్టు ప్రభుత్వంలో లేదు కాబట్టి గంట కొట్టే పోస్టులో వేశారు. నేను రిటైరయ్యేదాకా ఆ బడి గంట నా చేతిలోనే మోగింది. మా ఆయన షెడ్డు మానేసి, బడి గేటు పక్కన సైకిళ్ల రిపేరు పెట్టుకున్నాడు. అదే పంపు. పగడానికి కొట్టిన గాలి తర్వాత చాలా ఏళ్లు మా తాలూకా సైకిళ్లను నడిపింది. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, కఫం తెల్లబడింది. మీ అమ్మల పెళ్లిళ్లన్నీ చూసే పోయాడు.

వానలు పడగానే పగడాన్ని సముద్రం ఒడ్డున ఉన్న ఆ కాలేజీకే తిరిగి పంపేశారు. దారి పొడుగునా గాలి కొట్టడానికి నన్నూ, తోడుగా ఆయన్నూ బస్సెక్కించారు. దాన్ని అప్పగించాక ఇద్దరం ఒడ్డుకు పోయాం. సముద్రం చూడటం నాకు అదే మొదటిసారి. ఇంతకాలం తొట్టి పక్కనే కూర్చుని కూడా నేను ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు. అల వచ్చి కాళ్ల దగ్గర ఆగింది. వంగి వేలు చాపాను. చాపి, వెనక్కి తీసుకున్నాను.

"ఏందిమే, ఈడ కొట్టేదానికి హెడ్మాస్టరు లేడు గదా," అని మా ఆయన నవ్వాడు.

"లోపల అట్లాంటి ప్రాణాలు ఎన్ని ఉండాయో," అన్నాను.

ఇప్పుడు మా మనవరాలు సైన్సు చదువుతోంది. ఫోనులో చూసి చెబుతూ ఉంటుంది. పగడం జిగటలో దానికి కావలసిన మంచి సూక్ష్మజీవులు కూడా కాపురం ఉంటాయట. బస్సు నిండా మనవాళ్లే ఉంటే దొంగకు ఎక్కడానికి చోటు దొరకనట్టు, అవి చెడ్డవాటిని రానివ్వవట. నీళ్లు మరీ వేడెక్కితే మంచివి దిగిపోయి చెడ్డవి ఎక్కుతాయట. పగడం తెల్లగా పాలిపోతుందట. ఇప్పుడు పెద్ద సముద్రాలే వేడెక్కుతున్నాయట. అంటే మా నల్లబండ మీది తొట్టిలో జరిగిందే అక్కడా జరుగుతోందన్నమాట. ఆ సముద్రం కింద ఎవరి పేరు చెక్కిన బండ ఉందో, దాన్ని తీయమని పలక మీద రాసేదెవరో, రైట్ కొట్టేదెవరో నాకు తెలియదు. గాలి కొట్టే పని ఉందంటే మాత్రం చెప్పండి. ఈ చేతులకు ఇంకా గుర్తుంది.

పొద్దు పోయింది, లేవండి బిడ్డలారా. మీ ఇంటి గడప దాటి జబ్బు లోపలికి రాకుండా దేవుడు కాపాడుగాక. మీ కుండల కింద ఇసుక ఎప్పుడూ తడిగా ఉండుగాక. మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు వస్తే పక్కన నిలబడి వీపు నిమిరే చేయి ఒకటి ఉండుగాక.